అనుమతి లేని పొడి నేల

మానవజాతి సాధించిన విజయాలలో నిప్పు, చక్రం తరువాత చెప్పుకోదగినది రెండు పైపులను నీరు కారకుండా ఒకదానికొకటి కలపగలగడం. ఆ మూడింటినీ మించినది ఇంకొకటి ఉంది. అలా కలిపిన చోట నీరు కారుతోందో లేదో చూసి రావడానికి ఒక అధికారిని నియమించగలగడం. పైపులు కలపడం చేతకాని సమాజాలు కూడా అధికారిని నియమించడంలో ఏనాడూ వెనకబడలేదు.

ఒక నివాస సముదాయంలో ఈ విజయానికి 'బిగింపుల నియంత్రణ మండలి' అని పేరు పెట్టారు. దాని పుట్టుక చాలా సాదాగా జరిగింది. సముదాయ అధ్యక్షులవారు ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఉండగా పైకప్పు నుంచి ఒక నీటి చుక్క వారి నడినెత్తిన పడింది. ఆ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు (తేల్చవలసిన ఉపసంఘం ఇంకా తన పేరు మీద చర్చిస్తోంది). కానీ చుక్క మామూలు మనిషి నెత్తిన పడితే ప్లంబరును పిలుస్తారు, అధ్యక్షుల నెత్తిన పడితే మండలిని ఏర్పాటు చేస్తారు. అధ్యక్షులవారు ఉద్యోగం చేసినంతకాలం రోడ్ల మీద వేసే వేగ నిరోధకాల ఎత్తు నిర్ణయించే శాఖలో ఉన్నారు. అందువల్ల ఏ వస్తువునైనా అవసరానికి మించి మందంగా చేస్తే చాలు, లోకం క్షేమంగా ఉంటుందని వారి గట్టి నమ్మకం.

మండలి మొదటి నిబంధన ఇది: 'మరలు ఉన్న ప్రతి చోటా పదకొండు చుట్లు తెల్ల టేపు చుట్టవలెను.' (పన్నెండు దుబారా అనీ, పది నిర్లక్ష్యమనీ సుదీర్ఘ చర్చలో తేలింది.)

ఇక్కడ చదివేవారికి ఒక చిన్న విషయం చెప్పాలి. మండలికి చెప్పనక్కరలేదు, వారు వినరు. పైపు కొసన గీతల్లా తిరిగి ఉండే మరలు అన్నీ ఒక్కలాంటివి కావు. గోడలోకి బిగించే కుళాయి మరలు కొసకు పోయేకొద్దీ సన్నబడతాయి. వాటి సందుల్లోంచి నీరు రాకుండా ఉండాలంటే టేపు చుట్టాలి. సింకు కింద వంగే గొట్టం కొసన ఉండే కప్లింగ్ నట్టు సంగతి వేరు. దాని లోపల ఒక రబ్బరు వాషర్ ఉంటుంది. నీటిని ఆపేది ఆ వాషరే. దాన్ని నీళ్లు కట్టే కవాటం అంచుకు నొక్కి పట్టుకోవడం ఒక్కటే నట్టు చేసే పని. అక్కడి మరల మీద టేపు దట్టంగా చుడితే నట్టు లోపలిదాకా ఎక్కదు. ఎక్కకపోతే వాషర్ అంచుకు ఆనదు. ఆనకపోతే నీరు కారుతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేకపోవడం వల్ల మండలి దీన్ని చర్చకు తీసుకోలేదు. మరల మధ్య వివక్ష చూపడం సముదాయ ఐక్యతకు మంచిది కాదని మాత్రం తీర్మానించింది.

ఆ తీర్మానం తరువాత ప్రతి ఇంటి సింకు కిందా నీరు కారడం మొదలైంది. మండలి ఏమాత్రం తొణకకుండా రెండో నిబంధన చేసింది: 'పదకొండు చుట్లు చుట్టిన పిమ్మట కూడా నీరు కారినచో అది అనుమతి పొందిన లీకు. అనుమతి పొందిన లీకు గల నేల పొడి నేలగా పరిగణింపబడును.' దానితోపాటు 'బిగువు' అనే యాప్ కూడా వచ్చింది. ప్రతి సాయంత్రం ఎవరి ఇంట్లో ఎంత కారిందో అందులో నమోదు చేయాలి. ఒక చెంబు, అర బక్కెట్టు, బక్కెట్టు అని మూడు గడులు ఉంటాయి. 'ఏమీ లేదు' అనే గడి పెట్టలేదు. ఎవరికి మాత్రం అవసరం?

మూడో అంతస్తులో ఒక ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఉండేవారు. అత్తగారు, కోడలు, ఆడపడుచు. కోడలు కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములు బాగుచేస్తుంది. ఆడపడుచు డ్రైవింగు నేర్పుతుంది, కనుక పక్కన ఎవరు ఏ పని చేస్తున్నా కాలితో లేని బ్రేకు నొక్కుతూ ఉంటుంది.

నాలుగో మనిషి ఉండేవాడు, కోడలి భర్త. ఆయన ఉన్నన్నాళ్లూ సింకు కింద ఏముందో ఆ ఇంట్లో ఆడవాళ్లెవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. పోయిన ఏడాది వానల్లో ఆయన పోయారు. ఆ తరువాత మండలి తనిఖీకి వచ్చి, ఆయన బిగించిన నట్టుకు టేపు లేదని గుర్తించి, ఊడదీసి, పదకొండు చుట్లు చుట్టి, మళ్లీ బిగించి వెళ్లింది. ఆ రోజు నుంచి అక్కడ ఒక బక్కెట్టు ఉంటోంది.

ఒక తెల్లవారుజామున ఆ బక్కెట్టు నిండి పొర్లింది. పాలు కాచుకుందామని వంటింట్లోకి వెళ్లిన అత్తగారు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. మండలి ఈ ఘటనను వెంటనే, ఎంతో బాధ్యతగా ఇలా నమోదు చేసింది: 'నివాసి పొడి నేలపై, తన సొంత నిర్ణయం మేరకు, నిలువు స్థితి నుండి అడ్డ స్థితికి మారినారు.'

ఆపరేషన్ అయింది. అత్తగారు ఆసుపత్రి వార్డులో చేతికర్ర పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా నడవడం మొదలుపెట్టాక, నడక నేర్పే డాక్టరమ్మ కోడలినీ ఆడపడుచునూ పక్కకు పిలిచింది.

"ఎల్లుండి ఇంటికి పంపించేస్తాం. కానీ ఇంట్లో నేల పొడిగా ఉండాలి. ఇంకోసారి జారితే ఈవిడ మళ్లీ నడవరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా."

"మాది పొడి నేలేనండీ. మండలివాళ్లు కాగితం కూడా ఇచ్చారు," అంది ఆడపడుచు.

"ఆవిడ నడిచేది కాగితం మీద కాదు కదమ్మా." డాక్టరమ్మ నవ్వలేదు. "నేల తడిగా ఉంటే చెప్పండి, కోలుకునే కేంద్రానికి రాసిస్తాను. ఊరికి దూరం, కానీ అక్కడ నేల బాగుంటుంది."

ఆ కేంద్రాన్ని కోడలు ఒకసారి చూసింది. నేల నిజంగానే బాగుంటుంది. మంచాలన్నీ గోడ వైపు తిరిగి ఉంటాయి.

అత్తగారికి ఇవేవీ వినిపించలేదు గానీ ముగ్గురి మొహాలూ చూసి అర్థం చేసుకున్నారు. వాళ్లు దగ్గరికి రాగానే మొదలుపెట్టారు.

"నన్ను ఇక్కణ్ణించి తీసుకుపోండే. ఆ పక్క మంచం ఆవిడకి ముగ్గురు కోడళ్లు. పొద్దస్తమానం వాళ్ల మీద కథలు చెబుతూనే ఉంటుంది. నేను బదులు చెబుదామంటే నా దగ్గర ఒక్కటీ లేదు. ఎంత నామోషీగా ఉందో తెలుసా? నువ్వు ఒక్కసారైనా నాతో సరిగ్గా పోట్లాడి ఉంటే నాకీ అవస్థ వచ్చేదా?"

"ముందు పైపు బాగుచేయించనివ్వండి అత్తయ్యా, తీరిగ్గా పోట్లాడుకుందాం," అంది కోడలు.

"చూశావా, దానికి కూడా వాయిదాయే."

ఆడపడుచు మందుల కోసం వెళ్లింది. అత్తగారు కోడలి చేయి పట్టుకున్నారు. "ఇంకెక్కడికో పంపిస్తామంటారేమో. ఒప్పుకోకు. మన ఇంటికే తీసుకెళ్లు. వాడు కూర్చునే కిటికీ దగ్గర కూర్చుంటే చాలు నాకు."

కోడలు సరేనంది.

మండలి కార్యాలయం సముదాయం అడుగున, వాహనాలు నిలిపే చోట ఒక గదిలో ఉంది. అక్కడ రెండు కిటికీలు. మొదటి కిటికీ దగ్గర పెద్ద క్యూ, రెండో కిటికీ దగ్గర ఎవరూ లేరు. క్యూలో నిలబడి నిలబడి కోడలు పర్యవేక్షణాధికారి ముందుకు చేరింది. ఆయన్ని అందరూ టేపుగారు అంటారు. ఎడమ చేతికి ఎప్పుడూ ఒక టేపు చుట్టను గాజులా తొడుక్కుని ఉంటారు. చాలా మర్యాదస్తులు. గొంతు పెంచి ఎవరినీ ఒక్క మాట అని ఎరగరు, అనవలసినవన్నీ గొంతు పెంచకుండానే అనేస్తారు.

"లీకు ఆపించుకోవాలండీ," అంది కోడలు.

"దానికి దరఖాస్తు లేదమ్మా. పెంచుకోవాలంటే ఉంది."

"ఎవరు పెంచుకుంటారండీ?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అదిగో, రెండో కిటికీ దానికే. ఒక్క మనిషైనా నిలబడ్డాడా? అంత చక్కగా నడుస్తోంది ఆ విభాగం."

"మా అత్తయ్య ఎల్లుండి ఆసుపత్రి నుంచి వస్తున్నారు. నేల తడిగా ఉంటే ఆవిణ్ణి పంపించరు."

"మీది పొడి నేల కదమ్మా," అన్నారు టేపుగారు, ఎంతో అభిమానంగా. తరువాత ఆమె మొహం చూసి, "సరే, మన ప్లంబరుని పంపిస్తాను. బిగువు చూస్తాడు," అన్నారు.

ప్లంబరు మధ్యాహ్నమే వచ్చాడు. చేతిలో మోచేయి పొడుగున్న పానా ఉంది. సింకు కిందకి తల పెట్టి చూసి, తృప్తిగా తల ఊపాడు.

"టేపు బ్రహ్మాండంగా ఉందక్కా. నేనే చుట్టాను. అంటే బిగువు చాల్లేదన్నమాట."

"ఆ నట్టు ప్లాస్టిక్‌ది కదా, అంత పెద్ద పానా పట్టచ్చా?"

"ఈ పానా చూస్తే ఏ నట్టయినా మాట వింటుందక్కా."

నట్టు మాట వింది. టక్కుమని చప్పుడు చేసి నిలువునా చీలింది. అంతవరకు చుక్కలుగా పడుతున్న నీరు ధారగా మారింది. ప్లంబరు ఒక క్షణం దాన్ని గౌరవంగా చూశాడు. తరువాత కవాటం కట్టేశాడు.

"దీనికి ఆయుష్షు తీరింది, అంతే. కొత్త గొట్టం తెచ్చాన్లెండి." సంచిలోంచి గొట్టం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "టేపు మాత్రం లేదు. ఈ వారం కోటా అయిపోయింది. రాగానే వచ్చి చుట్టి బిగిస్తా."

"ఎప్పుడు వస్తుంది?"

"వచ్చినప్పుడు తెలుస్తుందిగా అక్కా."

"మీ ఇంట్లో కూడా ఇలాగే చుట్టావా?" అని అడిగింది ఆడపడుచు, అప్పుడే పని నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి.

"మా ఇంట్లో బక్కెట్టు కాదండీ, టబ్బు పెట్టాం. నీలం రంగుది," అన్నాడు ప్లంబరు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

అతను వెళ్లాక ఇద్దరూ ఆ గొట్టాన్ని ముందేసుకుని కూర్చున్నారు. కోడలు దాని కొసన ఉన్న నట్టులోకి వేలు పెట్టి చూసింది. లోపల నల్లటి వాషర్ బల్లపరుపుగా కూర్చుని ఉంది. వేలితో నొక్కితే లొంగింది, వదిలితే మళ్లీ లేచింది.

"దీనికి టేపు ఎందుకే?" అంది.

"నాకేం తెలుసు వదినా? నాకు క్లచ్ గురించి అడుగు, చెబుతా."

కోడలు లేచి, అటక మీద నుంచి భర్త పనిముట్ల పెట్టె దించింది. పెట్టె మీద దుమ్ము తుడిచింది. లోపల చిన్న పానా ఉంది. చేయి జారకుండా దాని పిడికి ఆయన చుట్టుకున్న గుడ్డపీలిక ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని విప్పలేదు. అలాగే పట్టుకుని సింకు కిందకి దూరింది. ఆడపడుచు టార్చి పట్టుకుని పక్కన కూర్చుంది.

పాత గొట్టం తీయగానే, దాని వెంట తెల్ల టేపు పేగులా సాగుతూ వచ్చింది. కోడలు కవాటం మరల మీద మిగిలిన ముక్కలన్నీ గోటితో గీకి తీసింది. కొత్త నట్టును మరల మీద పెట్టి, ముందు వెనక్కి తిప్పింది.

"వదినా, అటు కాదు! కుడికి, కుడికి! అయ్యో, వెనక్కి పోతున్నావు!"

"తెలిసే పోతున్నా. ఆ కాలు ఒకటి తియ్యి, బక్కెట్టు తన్నేస్తున్నావు."

కళ్లద్దాల ఫ్రేములో పెట్టే మర నువ్వుగింజ కంటే చిన్నది. దాన్ని సూటిగా తిప్పితే పక్క దారిలో ఎక్కి మొత్తం ఫ్రేమును పాడుచేస్తుంది. అందుకని ఆ దుకాణంలో ముందు వెనక్కి తిప్పుతారు. మర మొదలు దొరికినప్పుడు వేలికి మాత్రమే తెలిసేంత చిన్నగా అది టిక్కున దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. కప్లింగ్ నట్టు కూడా అలాగే దిగింది. అక్కడి నుంచి వేళ్లతోనే, ఏ బలవంతమూ లేకుండా, చివరిదాకా ఎక్కింది. ఆగిన చోట ఆమె పానా పెట్టి పావు చుట్టు తిప్పింది. పానా తీసేసింది.

"అంతేనా? ఇంకొంచెం బిగించు వదినా, నాకు భయంగా ఉంది."

"ఆగాక కూడా తిప్పితే ఇందాక అతను చేసిందే నేనూ చేస్తాను. ఇంక కవాటం తియ్యి."

కవాటం తీశారు. సింకు కింద ఒక పాత వార్తాపత్రిక పరిచారు. వంట చేసుకున్నారు, తిన్నారు, గిన్నెలు కడుక్కున్నారు. ప్రతి పనికీ మధ్యలో ఎవరో ఒకరు వంగి చూశారు. కాగితం మీద ఒక్క మచ్చ లేదు. ఆఖర్న ఆడపడుచు కాగితాన్ని అరచేత్తో తడిమి, అక్కడే కూలబడింది.

"అన్నయ్య ఉన్నప్పుడు ఇలాగే ఉండేది వదినా. నాకు ఏడుపొస్తోంది."

"ఏడిస్తే కాగితం తడుస్తుంది. అవతలికెళ్లి ఏడువు," అంది కోడలు.

ఆడపడుచు ఏడవబోయి నవ్వింది. యాప్‌లో ఆ సాయంత్రం నమోదు చేయడానికి వారికి గడి దొరకలేదు. ఖాళీగా వదిలేశారు.

ఖాళీ గడి అంటే మండలిలో గంట మోగుతుంది. (అంతకుముందు అది ఒకే ఒక్కసారి, యాప్‌ను పరీక్షించేటప్పుడు మోగింది. అప్పుడు అందరూ బయటికి పరిగెత్తారు.) మర్నాడు పొద్దున్నే టేపుగారు వచ్చారు. సింకు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేలను వేలితో తాకి, ఆ వేలిని వెలుగులో పెట్టి చూసుకున్నారు.

"ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగారు, రోగిని అడిగినట్టు.

"నిన్న సాయంత్రం నుంచండీ."

"అంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?"

"మా ఆయన ఉన్నన్నాళ్లూ ఉందండీ."

టేపుగారు టార్చి వేసి నట్టును చూశారు. ఆయన మొహంలో రంగు మారింది. "టేపు ఏది?"

"అక్కడ టేపుతో పని లేదండీ. లోపల వాషర్ ఉంది, అదే ఆపుతుంది."

"ఉండవచ్చు. కానీ లోపల ఉన్నది మాకు కనిపించదు కదమ్మా. కనిపించనిదాన్ని మేం మనుషులుగా నమ్మగలం, మండలిగా నమోదు చేయలేం."

"నీళ్లయితే కారడం లేదు కదండీ!" ఆడపడుచు గొంతు లేచింది.

"వచ్చిన చిక్కే అది. టేపు ఉండి కారితే అది లీకు కాదు. టేపు లేకుండా కారకపోతే అది పొడి కాదు. దీన్ని అనధికార పొడితనం అంటారు." ఆయన నిట్టూర్చారు. "చదువుకున్న కుటుంబం. మీ దగ్గర ఇలాంటిది చూస్తాననుకోలేదు."

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అంది కోడలు.

"చేయవలసిందేమీ లేదు, చేసినదాన్ని చెడగొడితే చాలు. అంతవరకు ఇంటికి నీళ్లు ఆపాలి. నిబంధన." ఆయన బయట ఉన్న పెద్ద కవాటం కట్టేసి, దానికి మండలి ముద్ర వేశారు. ఆ పని చేసేటప్పుడు నిజంగానే నొచ్చుకున్నారు. "రేపు మీ అత్తగారు వస్తున్నారుగా. దిగులు పడకండి. టేపు చుట్టండి, నేను నీళ్లు వదులుతాను. నీళ్లు కారతాయి, దాంతో నేల పొడి అవుతుంది. ఆవిడ హాయిగా వచ్చేయచ్చు."

తన చేతి టేపు చుట్టను తీసి బల్ల మీద పెట్టి, సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి వెళ్లారు. (ఆ చుట్టను ఆయన ఎవరికైనా ఇవ్వడం అదే మొదలు. మండలి చరిత్రలో అది కరుణగా నమోదైంది.)

ఇక మిగిలినవి రెండే దారులు. నీళ్లు లేని పొడి ఇల్లు, లేదా నీళ్లున్న తడి ఇల్లు. మొదటిదాంట్లో గాయం కడగడానికి చుక్క ఉండదు. రెండోదాంట్లో నడవడానికి నేల ఉండదు. ఆడపడుచు మూడు అంతస్తులూ బిందెలతో నీళ్లు మోస్తానంది, అధ్యక్షుల ఇంటి ముందు కూర్చుంటానంది, టేపుగారికి డ్రైవింగు నేర్పి మధ్యలో స్టీరింగు వదిలేస్తానంది. కోడలు బల్ల మీది టేపు చుట్టను పక్కకు జరిపింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి కోలుకునే కేంద్రానికి రాయమని చెప్పాలా అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. కిటికీ దగ్గరి ఖాళీ కుర్చీ కేసి చూసింది. ఫోన్ కింద పెట్టేసింది.

"ఆయన ఇందాక ఏమన్నారు?" అంది. "కనిపించనిదాన్ని నమోదు చేయలేం అన్నారు కదూ?"

"అన్నారు. అయితే?"

"అయితే కనిపించేట్టు చుడదాం."

సింకు కిందకి దూరి, నట్టును కదపకుండా, దాని పై నుంచే టేపు చుట్టడం మొదలుపెట్టింది. లోపలి మరలకు ఆ టేపుతో ఏ సంబంధమూ లేదు. ఆడపడుచు పక్కన కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పదకొండు పూర్తయ్యేసరికి నట్టు కట్టు కట్టిన బొటనవేలులా తయారైంది.

"పైన ఒక ముడి కూడా వెయ్యి వదినా. అందంగా ఉంటుంది."

"మరీ అంత వద్దు. అనుమానం వస్తుంది."

సాయంత్రం టేపుగారు వచ్చారు. వంగి చూశారు. తరువాత వేలు పెట్టి ఒక్కొక్క చుట్టే పైకి లెక్కపెట్టారు. లెక్క ముగిశాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

"ఇన్నాళ్ల ఉద్యోగంలో పదకొండు చుట్లనూ కళ్లతో చూడటం నాకిదే మొదలమ్మా. మామూలుగా అంచు ఒక్కటే కనిపిస్తుంది, చుట్లన్నీ నట్టు లోపల దాక్కుంటాయి. మేం ప్లంబరు మాట మీద సంతకం పెట్టాల్సి వచ్చేది."

"నేల కూడా చూడండి," అంది ఆడపడుచు. కోడలు ఆమె మోచేతిని గిల్లింది, ఆలస్యంగా.

టేపుగారు నేలను తాకారు. ఆలోచించారు.

"టేపు ఉంది కనుక లీకు ఉన్నట్టే," అన్నారు చివరికి. "ఆ లీకుకు అనుమతి ఉంది కనుక నేల పొడి. ఇక చూడ్డానికి కూడా పొడిగా ఉండటం అంటారా, అది అదనపు సౌకర్యం. దాన్ని నిబంధనలు ఎక్కడా నిషేధించలేదు."

నట్టును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, కవాటం ముద్ర తీసేసి, రోజూ సాయంత్రం మాత్రం 'ఒక చెంబు' అని నమోదు చేయమని సలహా ఇచ్చి వెళ్లారు. అబద్ధం రాయడం ఇష్టం లేక ఆడపడుచు ఆ సాయంత్రం నుంచి రోజూ ఒక చెంబు నీళ్లు పట్టి బక్కెట్టులో పోసి, నమోదు చేసి, పూలకుండీలో పారబోస్తోంది.

మర్నాడు అత్తగారు వచ్చారు. చేతికర్ర టకటకలాడిస్తూ తిన్నగా వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగారు. లోపలికి వంగి చూశారు.

"ఆ నట్టుకేమొచ్చిందే? దానికీ తుంటి విరిగిందా?"

"దానికి విరగలేదు అత్తయ్యా. మీరు రండి."

అత్తగారు కర్ర కొసను నేల మీద అటూ ఇటూ రాసి చూశారు. జారలేదు. ఒక అడుగు వేశారు, ఇంకొకటి వేశారు. వంటింటికి అడ్డంగా నడిచి, ఎవరి చేయీ పట్టుకోకుండా, కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చున్నారు. కర్రను కిటికీ చువ్వకు ఆనించారు.

"ఎవరు బిగించారు?"

"నేనే."

"పానా తిప్పేటప్పుడు వాడు నాలిక బయట పెట్టేవాడు. చిన్నప్పటి అలవాటు."

"వదిన కూడా పెట్టిందమ్మా! నేను టార్చి వెలుగులో చూశాను," అంది ఆడపడుచు.

"నేనేం పెట్టలేదు."

"పెట్టింది, పెట్టింది."

"హమ్మయ్య," అన్నారు అత్తగారు. "పక్క మంచం ఆవిడ ఫోన్ చేస్తే చెప్పుకోడానికి ఒకటి దొరికింది."

కథ ఇక్కడితో ముగిసి ఉండేది, మండలి లేకపోతే. టేపుగారు తీసిన ఫొటోలు అధ్యక్షులవారికి ఎంతగానో నచ్చాయి. 'ఆదర్శ బిగింపు' అనే శీర్షికతో వాటిని లిఫ్టు పక్కన అంటించారు. ఇకపై పదకొండు చుట్లూ నట్టు వెలుపల, తనిఖీకి కనబడేట్టుగా ఉండాలని కొత్త నిబంధన వచ్చింది. కొత్త టేపు కోటా ఎవరికీ రాలేదు. అందువల్ల జనం లోపల చుట్టిన టేపునే విప్పి, దాన్నే బయట చుట్టుకున్నారు. టేపు అడ్డం తొలగిన నట్లు లోపలిదాకా ఎక్కాయి. వాషర్లు అంచులకు ఆనాయి. వారం తిరక్కుండా సముదాయమంతటా లీకులు ఆగిపోయాయి. నీలం టబ్బులో ఇప్పుడు ప్లంబరు కూతురు కాగితప్పడవలు వదులుతోంది.

టేపు వల్లనే లీకులు ఆగుతాయని తాము మొదటి నుంచీ చెబుతున్నామని మండలి ప్రకటించింది. సర్వసభ్య సమావేశంలో అధ్యక్షులవారికి ప్రశంసాఫలకం అందించారు. ఆ వేదిక మీదే వారు, ఈ విజయాన్ని తేదీల వారీగా క్షుణ్ణంగా అధ్యయనం చేయాలని ఆదేశించారు. అధ్యయనం చేయగా సముదాయంలో ఒక్క ఇంట్లో మాత్రం పొడితనం టేపు కంటే ఒక రోజు ముందే వచ్చినట్టు బయటపడింది.

కోడలికి నోటీసు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. నిబంధన కంటే ముందుగా, ఏ అనుమతీ లేకుండా నేలను పొడిగా ఉంచిన మొదటి నివాసిగా ఆమెను గుర్తించారు. సదరు అనధికార వ్యవధిలో ఆ వంటింట్లో ఎవరూ జారి పడకపోవడానికి గల కారణాలను వారంలోగా రాతపూర్వకంగా వివరించవలసిందని కోరారు.